డైరెక్టరీలోని ఖాతాలు, మూడుల్‌లోని ఖాతాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కళాశాలల్లో విద్యార్థుల, అధ్యాపకుల లాగిన్ వివరాలు ఒక డైరెక్టరీ సర్వర్‌లో ఉంటాయి. పాఠాలు, అసైన్‌మెంట్లు, మార్కులు మూడుల్ అనే వెబ్ అప్లికేషన్‌లో ఉంటాయి. ఈ రెండింటినీ, డైరెక్టరీని అడిగి వివరాలు తెచ్చుకొనే ఎల్‌డాప్ అనే పద్ధతి ద్వారా కలిపినప్పుడు ఎదురయ్యే చిక్కుల గురించి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఇక్కడ చెప్పిన సెట్టింగులు మూడుల్ నాలుగో శ్రేణిలో దానితోపాటే వచ్చే ఎల్‌డాప్ ప్లగిన్‌కు సంబంధించినవి.

ప్రశ్న: మాది ఇంజనీరింగ్ కళాశాల. మైక్రోసాఫ్ట్ వారి డైరెక్టరీ సర్వర్ అయిన యాక్టివ్ డైరెక్టరీలో ఉన్న ఖాతాతోనే విద్యార్థులు మూడుల్‌లోకి లాగిన్ అయ్యేలా ఏర్పాటు చేశాను, అది బాగానే పనిచేస్తోంది. అయితే మొదటి సంవత్సరం విద్యార్థులను అధ్యాపకులు తమ కోర్సులో చేర్చబోతే వారి పేర్లే కనిపించడం లేదు. మరోవైపు చదువు ముగించుకొని వెళ్లిపోయినవారి పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి. డైరెక్టరీలో లేనివారిని మూడుల్ నుంచి పూర్తిగా తొలగించే ఐచ్ఛికం ఒకటి కనిపించింది. దానిని ఎంచుకోవచ్చునా?
– సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, వరంగల్

జవాబు: చివరి మాటకు ముందుగా జవాబు చెబుతాను: దయచేసి ఎంచుకోకండి. ఎందుకు వద్దంటున్నానో వివరించాలంటే సింక్, అంటే డైరెక్టరీలోని ఖాతాలతో మూడుల్ ఖాతాలను పోల్చి సరిచేసే పని, ఎలా నడుస్తుందో మొదట చెప్పాలి.

లాగిన్ వేరు, సింక్ వేరు. మీరు ఇప్పటివరకు ఏర్పాటు చేసినది లాగిన్ మాత్రమే. విద్యార్థి మొదటిసారి లాగిన్ అయిన క్షణంలోనే మూడుల్ అతని వివరాలను డైరెక్టరీని అడిగి తెచ్చుకొని, తన డేటాబేస్‌లో ఖాతా సృష్టించుకుంటుంది. ఒక్కసారి కూడా లాగిన్ కానివారు మూడుల్ దృష్టిలో లేనివారే కనుక అధ్యాపకులకు వారి పేర్లు దొరకవు. అందరి ఖాతాలనూ ముందుగానే సృష్టించే పని, వెళ్లిపోయినవారిని గుర్తించే పని నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే వేరే షెడ్యూల్డ్ టాస్క్ చేస్తుంది. సైట్ అడ్మినిస్ట్రేషన్‌లో సర్వర్ విభాగం కింద ఉన్న షెడ్యూల్డ్ టాస్కుల జాబితాలో ఎల్‌డాప్ యూజర్ల సింక్ పేరుతో అది ఉంటుంది. మూడుల్‌ను స్థాపించినప్పుడు ఈ టాస్క్ ఆపివేసిన స్థితిలోనే వస్తుంది. దానిని ప్రారంభిస్తే, మీరు వేళ మార్చనంతవరకు ప్రతి అర్ధరాత్రి నడుస్తుంది.

అది నడిచినప్పుడు జరిగేది ఇది. మీరు కాంటెక్స్ట్‌లుగా, అంటే వెతకవలసిన చోట్లుగా, ఇచ్చిన ఓయూలన్నింటినీ (ఖాతాలను విడదీసి ఉంచే డైరెక్టరీ విభాగాలను) ఒక్కొక్కటిగా వెతికి, దొరికిన యూజర్‌నేమ్‌లన్నింటినీ ఒక తాత్కాలిక పట్టికలో నింపుకొంటుంది. ఆ పట్టికను మూడుల్‌లో ఎల్‌డాప్ రకంగా నమోదైన ఖాతాలతో పోల్చి చూస్తుంది. పట్టికలో ఉండి మూడుల్‌లో లేనివారికి కొత్త ఖాతాలు తెరుస్తుంది. మూడుల్‌లో ఉండి పట్టికలో లేనివారిని డైరెక్టరీ నుంచి తొలగించబడినవారిగా భావించి, మీరు ఎంచుకున్న చర్య తీసుకుంటుంది. ఆ చర్యలు మూడు: ఖాతాను అలాగే ఉంచడం, సస్పెండ్ చేయడం, పూర్తిగా తొలగించడం.

ప్రమాదమంతా ఆ భావించడంలోనే ఉంది. పట్టికలో పేరు లేకపోవడానికి విద్యార్థి వెళ్లిపోవడం ఒక్కటే కారణం కాదు. ఎవరో ఒక ఓయూ పేరు మార్చి ఉండవచ్చు, కాంటెక్స్ట్‌ల వరుసలో ఒక అక్షరం తప్పుపడి ఉండవచ్చు, డైరెక్టరీని చదవడానికి మూడుల్ వాడే సర్వీస్ ఖాతాకు ఆ ఓయూను చదివే అనుమతి పోయి ఉండవచ్చు. డైరెక్టరీ నుంచి ఒక్క యూజర్ కూడా రాకపోతే మూడుల్ ఏదో లోపం జరిగిందని గ్రహించి ఏ మార్పూ చేయకుండా ఆగిపోతుంది. ఆ రక్షణ ఉన్నది నిజమే. కానీ నాలుగు ఓయూలలో మూడు సరిగా వచ్చి ఒకటి రాకపోతే ఆ రక్షణ పనిచేయదు. ఆ ఒక్క ఓయూలోని విద్యార్థులందరూ వెళ్లిపోయినవారి కిందే లెక్క.

అప్పుడు మీ ఎంపిక సస్పెండ్ అయితే, ఉదయం వారెవరూ లాగిన్ కాలేరు, మీకు ఫోన్లు వస్తాయి, మీరు ఓయూ పేరు సరిచేసి టాస్క్‌ను మళ్లీ నడుపుతారు. డైరెక్టరీలో తిరిగి కనిపించిన సస్పెండైన ఖాతాలను మూడుల్ అదే సింక్‌లో తిరిగి తెరుస్తుంది. కోర్సు నమోదులు, సమర్పించిన అసైన్‌మెంట్లు, మార్కులు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. అదే పూర్తి తొలగింపు అయితే కోర్సు నమోదులు పోతాయి, గ్రూపుల సభ్యత్వాలు పోతాయి, మార్కుల పట్టికలోని మార్కులు పోతాయి. ఖాతా యూజర్‌నేమ్, ఈమెయిల్ మారిపోతాయి. మర్నాడు అదే విద్యార్థి డైరెక్టరీలో తిరిగి కనిపించినా మూడుల్ అతనికి సరికొత్త ఖాళీ ఖాతా తెరుస్తుంది తప్ప పాతదానిని తిరిగి ఇవ్వదు. బ్యాకప్ ఉంటే దాని నుంచి పునరుద్ధరించడమే మిగిలే మార్గం.

ఒక వ్యక్తి మన సంస్థలో ఉన్నాడా లేడా అన్నది చెప్పే అధికారం డైరెక్టరీది. అతను ఇక్కడ చేసిన పనిని భద్రపరిచే బాధ్యత మూడుల్‌ది. మొదటిదానికి వచ్చే జవాబును బట్టి రెండవదాన్ని చెరిపివేయడానికి ఒక రాత్రిపూట నడిచే టాస్క్‌కు అధికారం ఇవ్వడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. పాత బ్యాచ్‌ల ఖాతాలను తొలగించవలసి వస్తే, పరీక్షల విభాగంతో మాట్లాడి, బ్యాకప్ తీసి, మనిషే చేయాలి.

ఇక ఆచరణకు వస్తే, కాంటెక్స్ట్‌ల పెట్టెలో డొమైన్ మొత్తాన్ని ఇవ్వకుండా, ప్రస్తుత విద్యార్థుల ఓయూ, అధ్యాపకుల ఓయూ విడివిడిగా ఇవ్వండి. ఒక్కొక్క ఓయూ చిరునామాలోనే కామాలు ఉంటాయి కాబట్టి రెండింటి మధ్య సెమీకోలన్ పెట్టాలి. బ్రాంచీల వారీగా లోపల ఉప ఓయూలు ఉంటే, ఉప కాంటెక్స్ట్‌లలో వెతకాలా అన్న ప్రశ్నకు అవును అనండి. చదువు ముగిసినవారి ఖాతాలను డైరెక్టరీలో పూర్వ విద్యార్థుల ఓయూలోకి మారిస్తే, అది మీరిచ్చిన కాంటెక్స్ట్‌ల బయట ఉంటుంది కాబట్టి తరువాతి సింక్‌లో వారు తమంతట తామే సస్పెండ్ అవుతారు. మీరు డొమైన్ మొత్తాన్ని ఇచ్చి ఉంటే, ఏ ఓయూకు మార్చినా వారు దొరుకుతూనే ఉంటారు. పాత పేర్లు పోకపోవడానికి టాస్క్ నడవకపోవడంతోపాటు ఇదీ కారణం కావచ్చు, చూడండి.

ఏ రకం ఖాతాలను వెతకాలో చెప్పే ఆబ్జెక్ట్ క్లాస్ అనే పెట్టెను యాక్టివ్ డైరెక్టరీ వాడేవారు ఖాళీగా వదిలేయడం మంచిది. ఖాళీగా ఉంటే మూడుల్ శామ్ అకౌంట్ టైప్ విలువ 805306368 ఉన్న ఖాతాలను, అంటే మనుషులకిచ్చే మామూలు యూజర్ ఖాతాలను మాత్రమే అడుగుతుంది. అక్కడ యూజర్ అని రాస్తే, యాక్టివ్ డైరెక్టరీలో కంప్యూటర్ అనే క్లాస్ యూజర్ అనే క్లాస్ నుంచే పుట్టినది కనుక, ఆ ఓయూల్లో ఉన్న ల్యాబ్ కంప్యూటర్ల ఖాతాలు కూడా మూడుల్‌లో విద్యార్థులుగా చేరిపోతాయి.

టాస్క్‌ను మొదటిసారి నేరుగా అసలు సైట్ మీద నడపకండి. సైట్‌కు ఒక నకలు తీసి, నకలు నుంచి ఈమెయిల్‌లు బయటకు వెళ్లకుండా ఆపి, అక్కడ కమాండ్ లైన్ నుంచి నడిపితే, ఎవరిని చేరుస్తున్నదీ ఎవరిని సస్పెండ్ చేస్తున్నదీ ఒక్కొక్క వరుసగా కనిపిస్తుంది. ఆ జాబితాను చదివిన తరువాతే అసలు సైట్ సంగతి. అడ్మిన్ ఖాతా ఒక్కటైనా ఎల్‌డాప్ మీద ఆధారపడకుండా మాన్యువల్ రకంలో (పాస్‌వర్డ్ మూడుల్‌లోనే ఉండే రకం) ఉండాలి. డైరెక్టరీ సర్వర్ ఆగిపోయిన రోజున దానితోనే మీరు లోపలికి వెళ్లగలరు.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ ఉంది. అందులో సుమారు 1,800 ఖాతాలున్నా సింక్ చేస్తే మూడుల్‌లోకి 500 మాత్రమే వస్తున్నాయి. ఒక్కో విడతలో ఎన్ని ఖాతాలు అడగాలో చెప్పే పేజ్ సైజ్‌ను పెంచినా తగ్గించినా ఫలితం మారలేదు.
– కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: 500 అన్న అంకె దగ్గరే సమాధానం ఉంది. ఒక శోధనకు 500 ఫలితాలకు మించి ఇవ్వకూడదన్నది ఓపెన్‌ఎల్‌డాప్ తనకు తాను పెట్టుకున్న పరిమితి. యాక్టివ్ డైరెక్టరీలో ఇలాంటి పరిమితి 1,000. అయితే ఈ రెండు సర్వర్ల తీరు ఒకటి కాదు, మీ చిక్కు అక్కడే ఉంది. యాక్టివ్ డైరెక్టరీలో ఆ పరిమితి ఒక్కొక్క పేజీకి వర్తిస్తుంది కాబట్టి, మూడుల్ 250 చొప్పున పేజీలు అడుగుతూ పోతే ఎంతమందినైనా తెచ్చుకోగలదు. ఓపెన్‌ఎల్‌డాప్‌లో సాధారణ ఖాతాతో అడిగినప్పుడు అది పేజీలన్నీ కలిపిన మొత్తానికి వర్తిస్తుంది. అందువల్ల పేజ్ సైజ్ ఎంత మార్చినా 500 దగ్గరే ఆగుతుంది.

మార్చవలసినది మూడుల్‌లో కాదు, ఓపెన్‌ఎల్‌డాప్ కాన్ఫిగరేషన్‌లో. అక్కడ లిమిట్స్ అనే ఆదేశంతో, మూడుల్ వాడే సర్వీస్ ఖాతాకు మాత్రమే ఈ పరిమితిని సడలించవచ్చు. పేజీల మొత్తానికి పరిమితి లేదని చెప్పే సైజ్ పీఆర్‌టోటల్ అనే అంశం కూడా ఆ ఆదేశంలోనే ఉంటుంది. అందరికీ పరిమితి ఎత్తివేయవద్దు. డైరెక్టరీ మొత్తాన్ని ఒక్క ప్రశ్నతో ఎవరైనా దింపుకొనే అవకాశం ఇవ్వడం మంచిది కాదు. కొందరు ఈ చిక్కును తప్పించుకోవడానికి మూడుల్‌కు డైరెక్టరీ నిర్వాహకుడి ఖాతానే ఇచ్చేస్తారు. పరిమితులు ఆ ఖాతాకు వర్తించవు కనుక పని జరుగుతుంది. కానీ చదవడం తప్ప ఇంకేమీ అవసరం లేని ఒక వెబ్ అప్లికేషన్ చేతిలో డైరెక్టరీ మొత్తాన్ని మార్చగల పాస్‌వర్డ్ పెట్టినట్టవుతుంది. ఆ దారి వద్దు.

పరిమితి మార్చిన తరువాత, మూడుల్ సర్వర్ మీద నుంచే, అదే సర్వీస్ ఖాతాతో ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్ నడిపి ఎంతమంది వస్తున్నారో లెక్కించండి. ఆ లెక్క సరిపోయే వరకు, డైరెక్టరీలో కనిపించనివారి ఖాతాలను అలాగే ఉంచాలన్న ఐచ్ఛికాన్నే ఎంచుకోండి. లేకపోతే ఇదివరకు లాగిన్ ద్వారా ఖాతాలు ఏర్పడినవారిలో ఆ 500 మందిలో లేనివారందరూ, వరంగల్ పాఠకునికి చెప్పినట్టే, వెళ్లిపోయినవారుగా మారిపోతారు.

ప్రశ్న: రెండు సమస్యలు. మూడుల్‌లో మా విద్యార్థుల పేర్లు పదో తరగతి మెమోలో ఉన్నట్టు కాకుండా ఇంటిపేరు చివరకు వచ్చి కనిపిస్తున్నాయి. రెండవది, కొందరు లాగిన్ అయిన వెంటనే మీ ప్రొఫైల్ అసంపూర్ణంగా ఉంది అన్న పేజీ వస్తోంది. అందులో లాస్ట్ నేమ్ పెట్టె ఖాళీగా ఉంది, కానీ దానిలో ఏమీ టైప్ చేయనివ్వడం లేదు. ఆ పేజీ దాటి వెళ్లలేకపోతున్నారు.
– ల్యాబ్ ఇన్‌చార్జి, కర్నూలు

జవాబు: రెండవదే అత్యవసరం కనుక దానిని ముందు చూద్దాం. డేటా మ్యాపింగ్ విభాగంలో మూడుల్‌లోని ప్రతి ఫీల్డ్‌కూ ముఖ్యంగా మూడు నిర్ణయాలు తీసుకోవాలి. డైరెక్టరీలోని ఏ యాట్రిబ్యూట్ (వివరాల గడి) నుంచి విలువ తేవాలి, ఖాతా సృష్టించినప్పుడు మాత్రమే తేవాలా లేక ప్రతి లాగిన్‌కూ తేవాలా, విద్యార్థి దానిని మార్చుకోవచ్చా. మీరు లాస్ట్ నేమ్‌ను లాక్ చేసి ఉంచారు. డైరెక్టరీలో కొందరికి ఇంటిపేరు యాట్రిబ్యూట్ అయిన ఎస్ఎన్ నింపలేదు. ఓపెన్‌ఎల్‌డాప్‌లో పర్సన్ క్లాస్‌కు ఎస్ఎన్ తప్పనిసరి, యాక్టివ్ డైరెక్టరీలో తప్పనిసరి కాదు కాబట్టి అక్కడ ఈ లోటు తరచుగా కనిపిస్తుంది. మూడుల్‌కు మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, ఈమెయిల్ మూడూ ఉండి తీరాలి. నింపమని అడిగేదీ అదే, లాక్ వేసినదీ అదే కావడంతో విద్యార్థి మధ్యలో చిక్కుకున్నాడు.

ఈ మూడు ఫీల్డ్‌లకూ లాక్ సెట్టింగును ఖాళీగా ఉంటే మాత్రమే తెరిచి ఉంచు అన్న ఐచ్ఛికానికి మార్చండి. విలువ ఉన్నవారికి అది లాక్‌లాగే పనిచేస్తుంది, లేనివారికి నింపుకొనే వీలిస్తుంది. మార్చిన వెంటనే వారు ముందుకు వెళ్లగలరు. రోల్ నంబరును ఐడీ నంబర్ ఫీల్డ్‌కు మ్యాప్ చేసి ఉంటే దానిని మాత్రం పూర్తిగా లాక్ చేసే ఉంచండి, దానిని విద్యార్థి టైప్ చేయవలసిన అవసరం ఎన్నడూ రాకూడదు.

పేరు వరుస విషయానికొస్తే, చాలామంది ఫస్ట్ నేమ్‌కు ఎస్ఎన్‌ను, లాస్ట్ నేమ్‌కు గివెన్ నేమ్‌ను తారుమారుగా మ్యాప్ చేసి సరిపెట్టుకుంటారు. తెర మీద బాగానే కనిపిస్తుంది. ఆ తరువాత మార్కుల జాబితాను ఎగుమతి చేసి పరీక్షల విభాగానికి పంపినప్పుడు ఫస్ట్ నేమ్ వరుసలో ఇంటిపేర్లు వస్తాయి. మ్యాపింగ్‌ను సరైనదిగానే ఉంచి, సైట్ అడ్మినిస్ట్రేషన్‌లోని యూజర్ పాలసీలలో పూర్తి పేరు చూపే తీరును ముందు లాస్ట్‌నేమ్, తరువాత ఫస్ట్‌నేమ్ అని మార్చండి. అప్పుడు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత కనిపిస్తాయి. డేటా మాత్రం ఏ ఫీల్డ్‌లో ఉండవలసినది ఆ ఫీల్డ్‌లోనే ఉంటుంది. తెలుగు లిపిలో పేర్లు ఉంచదలచుకుంటే అడ్డంకి ఏమీ లేదు. ఎల్‌డాప్ మూడవ వెర్షన్ అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8 లోనే అక్షరాలను పంపుతుంది, మూడుల్‌లో ఎన్‌కోడింగ్ పెట్టె కూడా అదే చూపుతుంది.

డైరెక్టరీలో ఎస్ఎన్ ఖాళీగా ఉన్నవారి సంగతిని మూడుల్‌లో సర్దుబాటు చేసి ఊరుకోకండి. అదే డైరెక్టరీ రేపు వైఫైకీ, గ్రంథాలయానికీ ఆధారమవుతుంది. ప్రవేశాల విభాగం దగ్గరున్న జాబితా తీసుకొని డైరెక్టరీలోనే నింపించండి. ఆపైన ఆ ఫీల్డ్ ప్రతి లాగిన్‌కూ నవీకరించబడేలా పెట్టి ఉంటే మూడుల్‌లోకి అదే వస్తుంది. సృష్టించినప్పుడు మాత్రమే అని పెట్టి ఉంటే ఎన్నటికీ రాదు. డైరెక్టరీలో మార్చినా మూడుల్‌లో మారలేదన్న ఫిర్యాదులలో ఎక్కువ భాగానికి ఈ సెట్టింగే మూలం.

ప్రశ్న: పెళ్లయిన తరువాత ఒక అధ్యాపకురాలి ఇంటిపేరు మారింది. ఐటీ విభాగం వారు డైరెక్టరీలో ఆమె లాగిన్ పేరు కూడా మార్చారు. మర్నాటి నుంచి మూడుల్‌లో ఆమెకు ఒక్క కోర్సు కూడా కనిపించడం లేదు. ఆమె పని అంతా ఏమైనట్టు?
– కళాశాల ఐటీ సహాయకుడు, ఖమ్మం

జవాబు: ఎక్కడికీ పోలేదు, ఆమెకు భరోసా ఇవ్వండి. మూడుల్ ఎల్‌డాప్ ప్లగిన్ ఒక మనిషిని గుర్తించేది యూజర్‌నేమ్‌తో మాత్రమే. ఐడీ నంబర్ అదే అయినా, ఈమెయిల్ అదే అయినా, యూజర్‌నేమ్ మారితే ఆమె దానికి కొత్త మనిషి. కనుక పాత ఖాతాను సస్పెండ్ చేసి, కొత్త పేరుతో ఖాళీ ఖాతా తెరిచింది. మీరు సస్పెండ్‌ను ఎంచుకొని ఉన్నారనే అనుకొని జవాబు చెబుతున్నాను.

కొత్త ఖాతాతో ఆమె ఇంకా ఏ పనీ చేయలేదని నిర్ధారించుకొని దానిని తొలగించండి. తొలగించాక ఆ యూజర్‌నేమ్ ఖాళీ అవుతుంది. తరువాత పాత ఖాతా యూజర్‌నేమ్‌ను కొత్తదానికి మార్చాలి. ఎల్‌డాప్ ఖాతా యూజర్‌నేమ్‌ను ప్రొఫైల్ పేజీలో మార్చబోతే మూడుల్ ఒప్పుకోదు. కనుక ఒక్కరున్నా పదిమంది ఉన్నా సీఎస్‌వీ ఫైలుతో యూజర్లను అప్‌లోడ్ చేసే పేజీలో, పాత పేరుకు ఓల్డ్‌యూజర్‌నేమ్ అనే నిలువు వరుస చేర్చి, పేరు మార్పును అనుమతించమని చెప్పి చేయవచ్చు. ఆపైన సింక్ టాస్క్‌ను ఒకసారి నడిపితే, సస్పెండైన ఖాతాకు డైరెక్టరీలో జత దొరుకుతుంది కనుక అది తెరుచుకుంటుంది, కోర్సులన్నీ తిరిగి కనిపిస్తాయి. తొలగించవలసినది ఏ ఖాతానో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఇకముందు ఐటీ విభాగం లాగిన్ పేరు మార్చిన రోజునే, అర్ధరాత్రి సింక్ నడవకముందే, మూడుల్‌లోనూ మార్చేలా వారితో ఒప్పందం చేసుకోండి. ఇంకా మంచిది, లాగిన్ పేరును మనిషి పేరు నుంచి కాకుండా ఉద్యోగి సంఖ్య నుంచో రోల్ నంబరు నుంచో తయారు చేయడం. ఇంటిపేరు మారవచ్చు, పేరులో అక్షరం సరిదిద్దుకోవచ్చు. ఉద్యోగి సంఖ్య మారదు. ఆ నిర్ణయం మీ ఒక్కరిది కాకపోయినా, కొత్తగా చేరేవారి విషయంలోనైనా అడిగి చూడండి.

ప్రశ్న: మా మూడుల్ డైరెక్టరీతో 389 పోర్టు మీద మాట్లాడుతోంది. మొదటి నుంచే గోప్యంగా నడిచే 636కు మార్చబోతే కనెక్షన్ కుదరడం లేదు. సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) తనిఖీని ఆపేస్తే పనిచేస్తుందని ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా?
– నెట్‌వర్క్ టెక్నీషియన్, హైదరాబాద్

జవాబు: చేయకూడదు. విద్యార్థి టైప్ చేసిన పాస్‌వర్డ్‌ను మూడుల్ ఆ కనెక్షన్ మీదనే డైరెక్టరీకి పంపి సరిచూస్తుంది. దారిని గోప్యంగా ఉంచే టీఎల్ఎస్ లేని 389 మీద అది ఏ గోప్యతా లేకుండా నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తుంది. తనిఖీ ఆపేసిన టీఎల్ఎస్‌లో దారి గోప్యంగానే ఉన్నా, అవతల ఉన్నది నిజంగా మీ డైరెక్టరీ సర్వరేనా అన్నది తేలదు. మధ్యలో మరొక యంత్రం ఆ సర్వర్‌గా నటించినా మూడుల్ పాస్‌వర్డ్‌లు దానికే అప్పగిస్తుంది.

సాధారణంగా కారణం చిన్నదే. డైరెక్టరీ సర్వర్‌కు సర్టిఫికెట్ ఇచ్చినది మీ సంస్థ సొంత సర్టిఫికెట్ అథారిటీ అయితే, మూడుల్ ఉన్న లినక్స్ యంత్రానికి ఆ అథారిటీ ఎవరో తెలియదు. దాని మూల సర్టిఫికెట్‌ను ఆ యంత్రంలో ఉంచి, ఎల్‌డాప్ క్లయింట్ కాన్ఫిగరేషన్ ఫైలులో టీఎల్ఎస్ సీఏసర్ట్ అనే వరుసలో దాని దారిని రాయండి. డెబియన్, ఉబుంటులలో ఆ ఫైలు ఈటీసీ కింద ఎల్‌డాప్ ఫోల్డర్‌లో ఉంటుంది, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఓపెన్‌ఎల్‌డాప్ ఫోల్డర్‌లో ఉంటుంది. రాసిన తరువాత మూడుల్‌ను నడిపే పీహెచ్‌పీ సేవను తిరిగి ప్రారంభించండి, నడుస్తున్న ప్రక్రియలు పాత సెట్టింగులనే పట్టుకొని ఉంటాయి. మూడుల్‌లో సర్వర్ చిరునామాను ఐపీ సంఖ్యతో కాకుండా సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతోనే ఇవ్వాలి.

ఇంకొక పొరపాటు కూడా చూసుకోండి. చిరునామాలో ఎల్‌డాప్స్ అని రాసి 636 వాడితే, యూజ్ టీఎల్ఎస్ అన్న సెట్టింగు వద్దు అని ఉండాలి. ఆ సెట్టింగు 389 మీద కనెక్షన్ తెరిచి తరువాత టీఎల్ఎస్‌కు మారే పద్ధతికి ఉద్దేశించినది. రెండింటినీ కలిపి పెడితే కనెక్షన్ కుదరదు. సర్టిఫికెట్‌ను సరిచేసినా పనిచేయకపోతే అక్కడ చూడండి. సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా ఇదే సమయంలో రాసి పెట్టుకోండి. అది ముగిసిన రోజున మూడుల్ డైరెక్టరీలో ఎవరినీ వెతకలేకపోతుంది కాబట్టి ఎల్‌డాప్ ఖాతా ఉన్న ఎవరికీ లాగిన్ కుదరదు.